తూముకు రెండు తాళాలు: మా చెరువు ప్రాజెక్టు డైరీ

డిసెంబరు 2024, మూడో వారం

నీటి సంఘం ఎన్నికలు అయిపోయాయి. మా చెరువుకు అంతా ఏకగ్రీవమే, అధ్యక్షుడెవరో ముందురోజు రాత్రి టీ అంగడి దగ్గరే తేలిపోయింది. సరే, కాగితం మీదైనా సంఘం అంటూ ఒకటుంది కదా, మొదలుపెట్టడానికి అది చాలు.

మాది కడప జిల్లాలో చిన్న చెరువు. రికార్డులో ఆయకట్టు 130 ఎకరాలు. తూము నీళ్లతో నిజంగా పండేది నాకు తెలిసినంతలో ఎప్పుడూ సగం కూడా లేదు. మా నాన్న పేరున ఉన్న ఎకరన్నర కాలువ చివర్న ఉంది కాబట్టి నాకు ఈ విషయంలో స్వార్థం ఉందని ముందే చెప్పేస్తున్నా. నేను సంఘంలో మెంబరును కాను, లెక్కలు రాసిపెడతానని నెత్తిన వేసుకున్నా అంతే. ఈ రబీకి పని ఏమిటంటే, చెరువు నీళ్లను ఊరే కొలిచి ఊరే పంచుకోవాలి. ఇరిగేషన్ ఆఫీసు చేయాల్సినవేవో మనం చేసుకోగలిగినవేవో విడివిడిగా రాసుకుని, ఎక్కడ ఏది ఆగిపోతుందో చూడాలి. ఆగిపోతుందని మాత్రం గ్యారంటీ, ఎక్కడన్నదే ప్రశ్న.

సంఘాలు మనకు కొత్తేం కాదు. 1997లో రైతులే సాగునీటి వ్యవస్థలను నడుపుకోవాలని చట్టం చేసి, అదే ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో 10 వేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టారు, ప్రపంచబ్యాంకు డబ్బు కూడా తోడైంది. అప్పట్లో మెంబరుగా ఉన్న మా వీధి పెద్దాయన్ను అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మొదట్లో కాలువలు బాగానే తవ్వినాం నాయనా. పోనుపోను ప్రెసిడెంటే కాంట్రాక్టరైనాడు, ఇంక మీటింగులెందుకు?" ఈ మాట ఒక్క మా ఊర్లోనే కాదు, ఆయకట్టు ఉన్న ఏ ఊర్లో కూర్చున్నా ఎవరో ఒకరు అంటారు. సంఘం చేతికి పనుల బిల్లులు వచ్చాయి, నీళ్ల మీద అజమాయిషీ మాత్రం ఎవరి చేతికీ పూర్తిగా రాలేదు. అందుకే ఈసారి పనుల జోలికి పోకుండా ముందు నీళ్లు, తర్వాతే సిమెంటు అని పట్టుబట్టా. అధ్యక్షుడికి ఇది పెద్దగా రుచించలేదు, కానీ ఒప్పుకున్నాడు.

జనవరి మొదటి వారం

తుపాను వానలకు చెరువు సగానికి పైగా నిండింది. సగం అని కంటితో చూసి చెప్పడం కాదు, లెక్క కావాలి. ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఫోన్ చేస్తే ఏ మట్టానికి ఎన్ని నీళ్లుంటాయో చెప్పే పట్టిక పాత ఫైల్లోంచి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఇలాంటి చోట సర్కారు లేకపోతే మనం ఏమీ చేయలేం, ఆ సర్వే చేయించే స్తోమత ఊరికి లేదు. నిండితే చెరువు 9 మిలియన్ ఘనపుటడుగులు, ఇప్పుడున్న మట్టానికి 5. ఒక్క మిలియన్ ఘనపుటడుగులంటే సుమారు 2 కోట్ల 83 లక్షల లీటర్లు. పూడిక ఎంత పడిందో పట్టికలో లేదు కాబట్టి 5 అన్నదాన్ని కొంచెం తక్కువే అనుకోవాలి.

తూము రాతిస్తంభం మీద అడుగులు, అంగుళాలు పెయింటుతో గీశాం. తూము మూసిపెట్టి వారంపాటు చూస్తే రోజుకు దాదాపు సెంటీమీటరు దిగుతోంది, కొంత ఎండకు, కొంత భూమిలోకి. ఆ భూమిలోకి పోయేది ఎవరికి పోతోందన్నదే తర్వాత పెద్ద గొడవైంది, అది చెప్తా.

కాలువలో నీటిని కొలవడానికి మీటర్లూ గీటర్లూ అక్కర్లేదు. సిమెంటు కాలువలో నేరుగా ఉన్న పది మీటర్లు టేపుతో కొలిచి రెండు కొసల్లో సున్నం గీత వేసి, ఒక నిమ్మకాయ వదిలి ఫోన్లో టైము చూడటమే. నిమ్మకాయే ఎందుకంటే అది నీళ్లలో చాలావరకు మునిగి తేలుతుంది, గాలికి కొట్టుకుపోదు. పైన పోయే నీళ్ల వేగం అడుగున ఉండదు కాబట్టి వచ్చిన వేగాన్ని 0.85తో గుణించాలి. తూము దగ్గర కాలువ వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 20, నిమ్మకాయకు 25 సెకన్లు పట్టింది, అంటే సెకనుకు 41 లీటర్లు. అదే వెడల్పున్న చివరి ముక్కలో లోతు 12, టైము 33 సెకన్లు. సెకనుకు 19 లీటర్లు కూడా లేవు! కిలోమీటరు కూడా లేని కాలువలో సగానికి పైగా మాయం. కొంత పగుళ్లలో పోతోంది, కొంత ఎగువ మళ్లోళ్లు రాళ్లు అడ్డం పెట్టి "ఊరికే కారుతోందిలే" అనుకునే గండ్లలో పోతోంది. పిల్లలు నిమ్మకాయ వెంట పరిగెత్తుతుంటే ఊరంతా వచ్చి చూసింది, అది మాకు బాగా కలిసొచ్చింది. అంకె నేను చెప్తే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

సంక్రాంతి తర్వాత

మీటింగు. రచ్చకట్ట దగ్గర గోడకు సున్నం కొట్టి లెక్క రాశాం. ఈ పద్ధతి నా సొంతం కాదు. ఇక్కడ మా జిల్లాలోనూ, అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్ లాంటి కరువు జిల్లాల్లోనూ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో రైతుల భూగర్భజల ప్రాజెక్టు ఒకటి నడిచింది. అందులో రైతులే వానలు కొలిచి, బోర్ల మట్టం కొలిచి, రబీకి ముందు ఊరి నీళ్ల బడ్జెట్ వేసుకునేవాళ్లు. ఏ పంట వేయాలని ఎవరినీ బలవంతపెట్టలేదు, ఉన్నది ఇంత అని చూపించి ఊరుకున్నారు. ఆ ఆలోచననే చెరువుకు వాడుకున్నాం.

లెక్క ఇలా వచ్చింది. ఉన్న 5లో ఎండకు పోయేది, అడుగున పశువులకు వదిలేది తీసేస్తే మూడింట రెండొంతులు మిగులుతాయి. కాలువ బాగుచేసి నష్టాన్ని మూడో వంతుకు దించితే మళ్లకు చేరేది 6 కోట్ల 30 లక్షల లీటర్లు. ఎకరా వరికి 1200 మిల్లీమీటర్ల నీళ్లు, అంటే 48 లక్షల లీటర్లు కావాలి. వేరుశనగకు అందులో సగం కూడా అక్కర్లేదు. వరైతే 13 ఎకరాలు, వేరుశనగైతే 30 ఎకరాల దరిదాపు.

కాసేపు ఎవరూ నోరు మెదపలేదు, ఆ తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. తూము పక్కనే మూడెకరాలున్న మామ (వరసకు మామే, అదే ఇబ్బంది) లేచి, "మా తాత కాలం నుంచి ఈ మడిలో వరే, చెనక్కాయ ఏస్తే నీళ్లు నిలబడి ఊడలు కుళ్లిపోతాయి" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, తూము కింద నేల నిజంగానే చెమ్మ నేల. చివరోళ్లేమో, "అయితే మీరు వరి నాటుకోండి, మాకు తిండి పంపించండి" అన్నారు.

శ్రీలంకలో చెరువుల కింద బెత్మ అనే పద్ధతి ఉంది, నీళ్లు తక్కువైన ఏడాది తూము దగ్గరి ముక్క ఒక్కటే సాగుచేసి, దాన్నే అందరికీ తలా కొంత పంచుకుంటారు, కాలువ నష్టం కూడా తగ్గుతుంది. నేను అది చెప్పి చూశా. సాగలేదు. ఇవాళ మడి ఇస్తే రేపు కౌలు హక్కంటాడని భయం, పట్టాదారు పాసుపుస్తకం చేతికొచ్చినప్పటి నుంచి ఆ భయం ఇంకా ముదిరింది. చివరికి దామాషాకు ఒప్పుకున్నారు: భూమి ఎంతున్నా సరే, కుటుంబానికి అర ఎకరానికే తూము నీళ్లు, తూము కింద చెమ్మ మళ్లకు మాత్రం అదే వాటాలో వరి వేసుకునే వెసులుబాటు. వాటా నీళ్లే ఇస్తారు కాబట్టి మామకు వరి పావు ఎకరా కూడా తిరగదు. ఆయన సణుగుతూనే వేలిముద్ర వేశాడు.

అంతా అయిపోయిందనుకుంటుంటే వెనక వరసలోంచి అసలు గొంతు లేచింది. కట్ట కింద బోర్లున్న రైతులు. "తూము తీయొద్దు. నీళ్లు చెరువులోనే ఉండనీండి, మా బోర్లు ఏప్రిల్ దాకా పోస్తాయి." రోజుకు దిగే సెంటీమీటరులో భూమిలోకి ఇంకే భాగం వీళ్ల బోర్లకే పోతోంది! రాయలసీమలో చాలా చెరువులు ఇలాగే ఇంకుడు చెరువులైపోయాయి, తూము శాశ్వతంగా మూసేసి ఆయకట్టు పేరు రికార్డులో ఉంచి బోర్ల మీద పండించుకుంటున్నారు. అది తప్పని కూడా అనలేం, కాలువలో సగం పారబోసుకునే కంటే బోరు నయమని వాదిస్తే నా నిమ్మకాయ లెక్కే వాళ్లకు సాక్ష్యం. కానీ బోరు వేయడానికి డబ్బున్నోడికే ఆ నీళ్లు, మా నాన్నలాంటోళ్లకు లేవు.

నీళ్ల పెత్తనం ఊరికి ఇవ్వాలి అని మాట్లాడేవాళ్లు ఊరంటే ఒక్కటే అనుకుంటారు. మా ఊర్లో చెరువు విషయంలో కనీసం మూడు ఊర్లున్నాయి: తల మళ్లు, చివరి మళ్లు, బోర్లు. ఉచిత కరెంటు 2004 నుంచి ఉంది, బోరు రైతుకు సంఘంతో పని లేదు, వంతు అక్కర్లేదు, తూము తీసి నీళ్లు పంచే నీరుగంటి అక్కర్లేదు. అతన్ని సంఘంలోకి లాగడానికి మన చేతిలో ఏముంది?

బేరం అర్ధరాత్రి దాకా సాగింది. స్తంభం మీద నాలుగడుగుల గీత కిందికి నీళ్లు దిగితే తూము మూసేయాలి, ఎవరు అడిగినా తీయకూడదు. దానికి బదులుగా బోరోళ్లు నీరుగంటి జీతంలో వాటా ఇవ్వాలి. ఇద్దరు ఒప్పుకోలేదు, మిగతావాళ్లు సరేనన్నారు.

జనవరి చివర

కాలువ పని చందాలతో, ఇంటికొక మనిషితో అయిపోయింది. సర్కారు చెరువుకు సొంత డబ్బు పెట్టేదేందని గొణిగినోళ్లు ఉన్నారు, చందా ఇవ్వనోళ్లూ ఉన్నారు. పగుళ్లకు సిమెంటు, గండ్లకు రాయీ మట్టీ. మళ్లీ నిమ్మకాయ వదిలితే చివర 27 లీటర్లు. అనుకున్నదానికి దగ్గరే.

తూము షట్టరు స్క్రూ రాడ్డుది, పైన తిప్పే చక్రం ఉంటుంది. రాత్రిపూట దాన్ని తిప్పేసే చేతులు ఊర్లో చాలా ఉన్నాయి. గొలుసు వేసి రెండు తాళాలు బిగించాం, ఒక తాళంచెవి నీరుగంటి దగ్గర, రెండోది చివరి మళ్ల రైతుల్లో వారానికొకరి దగ్గర. ఇద్దరూ వస్తేనే చక్రం కదులుతుంది. తలమళ్లోళ్లకు తాళంచెవి లేదేమని అడిగితే, కాలువ మొదట మీ మడి పక్కనే పోతుంది కదా, మీకు చక్రం చేతిలోనే ఉన్నట్టు అని చెప్పాం. నీరుగంటి మాత్రం నవ్వి, "ఇప్పటిదాకా తిట్లు నా ఒక్కడికే, ఇంక సగం పంచుకుంటారు" అన్నాడు.

ఫిబ్రవరి రెండో వారం

జీతం పంచాయితీ. నీరుగంటికి ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి. పాతకాలంలో ఈ పనికి మాన్యం ఉండేది, చెరువు తవ్వించినోళ్లకూ బాగుచేయించినోళ్లకూ దశబంధం ఇనాములు ఉండేవి. చెరువును చూసుకున్నంతకాలం ఆ భూమి అనుభవించొచ్చు. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది, భూములు మెల్లగా రైత్వారీ పట్టాలయ్యాయి, చూసుకునే బాధ్యత మాత్రం ఏ పట్టా మీదా ఎక్కలేదు. ఇనాంలు పోవడం మంచిదే, అందులో కులపెత్తనం ఎంతుందో అందరికీ తెలుసు, నీరుగంటి పని ఏ ఇళ్లకు అంటగట్టారో కూడా తెలుసు. కానీ ఆ ఖాళీని ఎవరూ నింపలేదు. ఆఫీసులో చిన్న చెరువుకు నీరుగంటి పోస్టు లేదు, సంఘం బడ్జెట్లో జీతం పద్దు లేదు. కొత్త తూముకు లక్షలు మంజూరవుతాయి, దాన్ని రాత్రిపూట మూసే మనిషికి నెలకు కొన్ని వేలు ఎక్కడి నుంచీ రావు.

అంతకు ముందు కూడా ఊళ్లు తమంతట తాము కట్టలు చక్కబెట్టుకునేవని పాతవాళ్లు చెప్పే మాటను నేను సగమే నమ్ముతా. ఊరంతా కలిసి చెరువు బాగుచేసుకునే కుడిమరామత్తుకు రానోళ్లను దారికి తేవడానికి 1858లోనే మద్రాసు సర్కారు చట్టం చేయాల్సొచ్చింది. అందరూ ఇష్టంగా పారలు పట్టుకొచ్చే రోజులైతే చట్టమెందుకు?

తేలింది ఇది: పంట మీద ఎకరానికి ఇంతని గింజలు కాకుండా డబ్బే, నెలనెలా. గింజలైతే పంట పోయిన ఏడాది అతనికీ పోతుంది.

ఫిబ్రవరి చివర

ఏఈ గారు వచ్చారు. కట్టంతా తిరిగారు, మోకాలెత్తు కంపలో. ఆయన కింద ఎన్నో చెరువులున్నాయి, జీపు లేదు, సొంత బండి మీద వచ్చారు. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మరవ రాతికట్టడం ఒక పక్క కుంగింది, అది మేం చేసుకునేది కాదు, తప్పు చేస్తే పెద్ద వానకు కట్టే పోతుంది. ఎస్టిమేటు రాస్తానన్నారు. తెలంగాణలో మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులు లెక్కగట్టి బాగుచేయించడానికి పూనుకున్నప్పుడు పూడిక తవ్వే ఖర్చు సర్కారుదీ, మట్టి తోలుకునే ఖర్చు రైతుదీ అని పెట్టారు. నాకు ఆ విభజన నచ్చింది. ఒండ్రుమట్టి పొలానికి కావాలి కాబట్టి రైతు ట్రాక్టరుతో తనే వస్తాడు, ఎంత తవ్వారో పదిమంది కళ్లముందే ఉంటుంది. మాకూ అలాగే రాయండి సార్ అని అడిగాం.

అసలు చిక్కు వంకది. చెరువుకు నీళ్లు తెచ్చే వంక పై ఊరి భూముల్లోంచి వస్తుంది, అది వేరే మండలం. అక్కడ రెండుచోట్ల దున్నేసి వంకను సన్నం చేశారు. మా సంఘం తీర్మానం అక్కడ చెల్లదు, మేం పోయి అడిగితే కొట్లాటే. మా జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో చెక్కించారు. ఆ ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం! ఆరున్నర శతాబ్దాల కిందట రాసినోళ్లకు రెండు మండలాల సంగతి ముందే తెలిసినట్టుంది. ఇది రెవెన్యూ సర్వేయరు గొలుసు పట్టుకుని వస్తేనే తెగే పని. అర్జీ ఇచ్చాం.

మార్చి రెండో వారం

వంతులు నడుస్తున్నాయి. మొదటి దొంగ నీళ్ల కేసు కూడా వచ్చింది, తల మళ్లలో ఒకాయన కాలువకు సంచులు అడ్డమేసి రాత్రంతా తడుపుకున్నాడు. జరిమానా 500, కట్టాడు. కట్టకపోతే ఏం చేసేవాళ్లమో మాలో ఎవరికీ తెలియదు. సంఘానికి చట్టంలో అధికారం ఉంది గానీ దాన్ని వాడితే పెళ్లిపిలుపులు ఆగిపోతాయి.

రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు కర్నూలు జిల్లా కాలువ గ్రామాల్లో తిరిగి ఒక విషయం పట్టుకున్నాడు: ఊరంతా కలిసి నీరుగంట్లను పెట్టుకోవడం, ఉమ్మడి నిధి నడపడం అన్ని ఊర్లలో లేవు, కాలువ చివరికి పోయేకొద్దీ, నీళ్ల కరువున్న చోటే అవి గట్టిగా ఉన్నాయి. తలదగ్గర ఊర్లకు అవసరం పడలేదు. మా ఆయకట్టులో చూస్తే అచ్చం అంతే, మీటింగుకు వచ్చేదంతా చివరోళ్లే, లెక్క రాసేదీ చివరోడే. మరి చెరువు నిండిన ఏడాది ఈ కట్టుబాటు ఉంటుందా? నాకు నమ్మకం లేదు. నీళ్లు ఎక్కువైతే తాళాలు తుప్పుపడతాయి.

ఏప్రిల్ మొదటి వారం

నాలుగడుగుల గీత తాకింది. అనుకున్నదానికి కొద్దిరోజుల ముందే. ఇంకో తడి ఇస్తే కాయ నిండుతుందని చివరి మళ్లలోనే నలుగురైదుగురు అడిగారు, అందులో మా నాన్న కూడా ఉన్నాడు. తూము మూసేశాం. నాన్న రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మా పంట కొంచెం తేలికగానే వచ్చింది. మూసినందుకే బోరోళ్లు మార్చి వాటా డబ్బు అడగకుండానే తెచ్చిచ్చారు, ఒప్పుకోని ఇద్దరిలో ఒకాయన కూడా ఇచ్చాడు. రెండో ఆయన బోరే అన్నిటికంటే ఎక్కువ పోస్తోంది, ఆయన ఇవ్వలేదు, ఇవ్వడు.

మొత్తం 27 ఎకరాలు తడిసింది, వరితో కలిపి. కిందటి ఏడాదుల లెక్క ఎవరూ రాయలేదు కాబట్టి ఎక్కువో తక్కువో చెప్పలేను, చివరి మళ్లలో రబీ పంట కోసి చాన్నాళ్లయిందని మాత్రం అందరూ అంటున్నారు.

మరవ ఎస్టిమేటు పై ఆఫీసుకు పోయింది. మంజూరైతే పని సంఘానికే ఇస్తారట, అధ్యక్షుడి మొహం వెలిగిపోతోంది, పెద్దాయన చెప్పిన ప్రెసిడెంటు-కాంట్రాక్టరు కథ మళ్లీ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. పని కొలతలూ బిల్లూ గోడమీద రాయాలని తీర్మానం పెట్టా, మీటింగులో ఆరుగురు సంతకం చేశారు, అధ్యక్షుడు చదివి చేస్తానని ఇంటికి తీసుకుపోయాడు. వంక సర్వేకు ఇంకా తేదీ ఇవ్వలేదు. జూన్ వానలకు ముందే వంకలో సర్వే గొలుసు పడకపోతే ఈ ఏడాది కూడా నీళ్లు పై ఊరి మళ్లలోనే తిరుగుతాయి, రేపు సోమవారం మళ్లీ అర్జీ పట్టుకుని పోతున్నాం, ఈసారి పై ఊరి సర్పంచును కూడా రమ్మన్నాం, వస్తానన్నాడు.